డైక్‌స్ట్రా పండితుని చరిత్రము

గుంటూరునుండి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, గిద్దలూరుల మీదుగా నంద్యాలకు పోవు రైలుదారి మన విద్యార్థులలో అనేకులకు తెలిసినదే. ఈ దారిమీద తరతరములుగా బండ్లు క్షేమముగా నడచుటకు ఒక చిన్న నియమము కారణము. ఒక స్టేషనుమాస్టరు బండిని పంపుటకు ముందు తరువాతి స్టేషనువారిని అడిగి, దారి ఖాళీగా నున్నదను సమాధానము పొందియే పంపెడివాడు. గిద్దలూరులో నేమి జరుగుచున్నదో గుంటూరువాడు స్వయముగా నెరుగడు. ఎరుగవలసిన పనియు లేదు. అతడు తన పొరుగు స్టేషనుతో నిజము మాటాడిన చాలును. ఆ పొరుగువాడు తన పొరుగువానితో మాటాడును. ఇట్లు ఇరుగుపొరుగుల మాటచేతనే ఆ దారి యంతయు ఒక్కటిగా మెలగెను.

నేడు మిరపయార్డులోని ధర ఒక రైతు సెల్‌ఫోనునుండి సముద్రముల కావలనున్న కుమారునికి రెప్పపాటులో చేరుచున్నది. ఆ కబురు ఒకే తీగమీద పోవుట లేదు. నడుమ రూటర్లను యంత్రములు అనేకములు కలవు. నాలుగు త్రోవలు కలియు కూడలిలో నిలిచి, వచ్చిన ప్రతి కబురును ఏ త్రోవను పంపవలెనో నిర్ణయించుటయే రూటరు పని. లోకములోని రూటర్లన్నింటికిని ఆజ్ఞలిచ్చు అధికారి యెవ్వడును లేడు. ప్రతి రూటరును ముందుగా తన పొరుగు రూటర్లతో పరిచయము చేసికొని, వానివలన తెలిసినదానిని బట్టి తన త్రోవను తానే నిర్ణయించుకొనును. ఇందులకై నేడు విరివిగా వాడబడుచున్న లెక్కను కనిపెట్టినవాడును, పొరుగువారిని మాత్రమే యెరిగినవారు కలిసి పెద్దపనిని తప్పులేకుండ ఎట్లు చేయగలరను ప్రశ్నను చిరకాలము విచారించినవాడును ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అను హాలెండు దేశపు పండితుడు. అతని చరిత్రము మన బాలబాలికలు తెలిసికొనదగినది.

డైక్‌స్ట్రా 1930వ సంవత్సరము మే నెల 11వ తేదీని రాటర్‌డాము నగరమున జన్మించెను. నలుగురు బిడ్డలలో ఇతడు మూడవవాడు. తండ్రి రసాయనశాస్త్రజ్ఞుడు, ఉన్నత పాఠశాలలో ఆ శాస్త్రమును బోధించెడివాడు. తల్లి గణితము నేర్చిన విదుషీమణి. ఆమె ఎన్నడును ఉద్యోగము చేయలేదు గాని, కుమారునికి ఆమెయే తొలి గురువనవచ్చును. నిరూపణము ఐదు పంక్తులకు మించి సాగుచున్నచో త్రోవ తప్పినట్లే యను పాఠమును బాలుడు ఆమెవలన గ్రహించి, జీవితాంతము దానిని మరువలేదు.

బాలునికి పదియేండ్లు నిండిన మూడవనాడే, అనగా 1940 మే 14వ తేదీని, జర్మను విమానములు రాటర్‌డాము నగర మధ్యభాగమును బాంబులతో నేలమట్టము చేసినవి. పిదప ఐదేండ్లు హాలెండు పరుల పాలనలో మ్రగ్గెను. ఆ దినములలో పెరిగిన యీ పిల్లవానికి న్యాయశాస్త్రము చదివి, ఐక్యరాజ్య సమితిలో తన దేశము పక్షమున నిలిచి మాటాడవలెనను కోరిక కలిగెను. కాని 1948లో పాఠశాల చదువు ముగియునప్పటికి గణితమునందును, ప్రకృతిశాస్త్రములందును అతనికి వచ్చిన మార్కులు మిక్కిలి యెక్కువగా నుండుటచే, పెద్దల సలహాపై లైడెన్ విశ్వవిద్యాలయములో చేరి గణితమును, భౌతికశాస్త్రమును అభ్యసించెను.

అప్పుడు కంప్యూటరనునది లోకమునకు క్రొత్త. 1951లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఆ యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయు విద్యను మూడు వారములపాటు నేర్పుదురని తెలిసి, డైక్‌స్ట్రా తండ్రి ప్రోత్సాహముతో అచ్చటికి పోయెను. మరుసటి సంవత్సరము ఆంస్టర్‌డాములోని గణితకేంద్రమున ఉద్యోగము లభించెను. అచ్చట మిత్రులు యంత్రమును నిర్మించుచుండగా, దానికి కావలసిన ఆజ్ఞలను ఇతడు వ్రాసెడివాడు. యంత్ర మింకను పూర్తి కాలేదు గనుక, వ్రాసినది సరియైనదో కాదో నడిపి చూచుటకు వీలులేదు. కాగితముమీద ఆలోచించి, తప్పులేదని ముందుగానే రూఢి చేసికొనవలెను. ఈ నిర్బంధమే ఇతనికి గొప్ప శిక్షణ మయ్యెను. చేసి చూచి దిద్దుకొనుటకంటె, తప్పు పుట్టకుండ మొదటనే ఆలోచించుట మేలను నమ్మకము అచ్చటనే యితని మనస్సులో నాటుకొనెను.

అయితే 1955లో ఇతనికి పెద్ద సందేహము కలిగెను. భౌతికశాస్త్రజ్ఞుడనిన లోకము గౌరవించును. ప్రోగ్రాములు వ్రాయువాడనిన ఆ పని యేమో యెవ్వరికిని తెలియదు. దానికి శాస్త్రమను పేరైనను లేదు. ఏ దారిని పోవలెను? కేంద్రములో తనకు పై యధికారియైన వాన్ వైన్‌గార్డెన్ వద్దకు పోయి తన చింతను చెప్పుకొనెను. శాస్త్రమింకను లేకున్నచో దానిని శాస్త్రముగా జేయువారిలో నీవే యొకడవు కారాదా యను భావముతో ఆ పెద్దమనిషి ధైర్యము చెప్పెను. డైక్‌స్ట్రా యిల్లు చేరునప్పటికి మనస్సు స్థిరపడెను. లైడెన్‌లోని చదువును త్వరలో ముగించి, తన జీవితమును క్రొత్త విద్యకు అర్పించెను. 1957లో మరియా డెబెట్స్ అను ఆమెను వివాహమాడునప్పుడు, వృత్తి యేమని రిజిస్టరులో వ్రాయవలసి వచ్చెను. ప్రోగ్రాములు వ్రాయు వృత్తి యొకటి కలదని అధికారులు ఒప్పుకొనలేదు. గత్యంతరము లేక భౌతికశాస్త్రజ్ఞుడని వ్రాయించుకొనెను.

ఆ వివాహమునకు ముందు సంవత్సరమే ఇతనికి శాశ్వతకీర్తి తెచ్చిన సంగతి జరిగెను. 1956లో గణితకేంద్రమువారు ఆర్మాక్ అను క్రొత్త కంప్యూటరును ప్రజలకు చూపదలచిరి. గణితము తెలియనివారికిని అర్థమగు ప్రశ్న యొకటి కావలసియుండెను. హాలెండు పటములోని ఒక పట్టణమునుండి మరియొక పట్టణమునకు మిక్కిలి దగ్గర దారి యేది? ఈ ప్రశ్నను ఇతడు మనస్సులో నుంచుకొని, ఒకనాటి ఉదయమున కాబోవు భార్యతో అంగళ్లు తిరిగి, అలసి ఒక కాఫీ హోటలులో కూర్చుండెను. కాఫీ త్రాగుచు, కాగితమును పెన్సిలును లేకయే, ఇరువది నిమిషములలో సమాధానమును కనుగొనెను. కాగితము లేకపోవుట మేలయ్యెననియే తరువాత అతడు తలచెడివాడు. ఏలయన మనస్సులో నిలువజాలని చిక్కులన్నియు తామే తొలగిపోయినవి. ప్రదర్శనమునకై పటమున 64 పట్టణములను గ్రహించెను.

ఆ లెక్క యెట్టిదో మన ఊళ్ల పేర్లతోనే చూతము. మిరపబస్తాల బండి గుంటూరునుండి ఒంగోలుకు పోవలెను. లెక్క సులువుకై ఈ క్రింది కాలములు ఊహించుకొందము. గుంటూరునుండి పొన్నూరుకు 3 గంటలు, చిలకలూరిపేటకు 4 గంటలు. పొన్నూరునుండి బాపట్లకు 2, బాపట్లనుండి చీరాలకు 2, చీరాలనుండి ఒంగోలుకు 5. చిలకలూరిపేటనుండి ఒంగోలుకు 7.

గుంటూరు పొరుగువారిలో మిక్కిలి దగ్గరిది 3 గంటల పొన్నూరు. దానిని నిశ్చయముగా గుర్తు పెట్టవచ్చును. ఏలయన వేరుదారి చిలకలూరిపేట మీదుగా పోవలెను, అచ్చటికే 4 గంటలు పట్టును. ఇప్పుడు పొన్నూరు పొరుగునున్న బాపట్లకు 3, 2 కలిసి 5. మిగిలినవానిలో తక్కువది 4 గంటల చిలకలూరిపేట. దానిని గుర్తు పెట్టి, అటనుండి ఒంగోలుకు 11 అని తాత్కాలికముగా వ్రాసికొనవలెను. పిదప 5 గంటల బాపట్ల నిశ్చయమగును. దాని పొరుగున చీరాల 7. చీరాల మీదుగా ఒంగోలుకు 12 గంటలు. ముందు వ్రాసికొన్న 11 ఇంతకంటె తక్కువ గనుక దానినే యుంచవలెను. కావున చిలకలూరిపేట దారియే దగ్గర దారి. ప్రతి మెట్టునందును మిగిలినవానిలో అతిసమీపమైన ఊరిని నిశ్చయించి, దాని పొరుగు ఊళ్లను మాత్రము విచారించుట యీ పద్ధతిలోని రహస్యము. దారులన్నియు వరుసగా పరీక్షింప బనిలేదు. అయితే ప్రయాణకాలములలో సున్నకంటె తక్కువది యుండరాదు. ఆ నియమముమీదనే యీ లెక్క నిలిచియున్నది.

డైక్‌స్ట్రా దీనిని వెంటనే ప్రకటింపలేదు. 1959లో ఒక జర్మను గణితపత్రికలో మూడు పుటల వ్యాసముగా అచ్చువేయించెను. ఎలక్ట్రోలాజికా కంపెనీవారి ఎక్స్-1 అను యంత్రములో తక్కువ రాగితీగతో అన్ని కొనలను కలుపు మరియొక పద్ధతియు ఆ మూడు పుటలలోనే కలదు.

ఆ చిన్న వ్యాసము ఇరువదియేండ్లకు రూటర్ల పాలిటి వరమయ్యెను. అమెరికాలో 1969లో ప్రారంభమైన ఆర్పానెట్ అను కంప్యూటర్ల వల నేటి ఇంటర్నెట్టునకు మూలము. మొదట అందలి యంత్రములు పొరుగువాడు చెప్పిన దూరములనే నమ్మి త్రోవ నిర్ణయించుకొనెడివి. ఒక తీగ తెగినప్పుడు, పాతబడిన మాటనే ఒకరికొకరు చెప్పుకొనుచు, కబురును అటునిటు త్రిప్పుచుండెడివి. అందుచే 1979లో క్రొత్త పద్ధతి నవలంబించిరి. దానిప్రకారము ప్రతి యంత్రమును తన పొరుగువారెవరో, వారిని చేరుట కెంత కాలము పట్టునో మాత్రమే వలయంతటికిని తెలియజేయును. ఆ మాటలన్నియు కూర్చుకొని ప్రతి యంత్రమును పూర్తి పటము వ్రాసికొని, దానిమీద డైక్‌స్ట్రా లెక్కను తానే చేసికొనును. 1989లో ప్రకటింపబడిన ఓ.ఎస్.పి.ఎఫ్. అను నియమావళి యీ మార్గముననే నడచును. దానికి ముఖ్యకర్త జాన్ మాయ్.

లెక్క యెంత సరియైనదైనను పటము తప్పైనచో దారి తప్పును. పటము సరిగా నుండవలెననిన పొరుగువారి పరిచయము సరిగా నుండవలెను. కావున ఆ నియమావళిలో ఇరుగుపొరుగు లేర్పడు పద్ధతిని మిక్కిలి జాగ్రత్తతో ఏర్పాటు చేసిరి. సాధారణముగా ప్రతి రూటరును పది సెకండ్లకొకసారి హలో అను పలకరింపును పంపును. అందులో తన గుర్తుసంఖ్యయు, తాను ఎవరెవరి పలకరింపులను వినెనో వారి సంఖ్యలును ఉండును. మొదటి పలకరింపు వినినంతమాత్రమున స్నేహము కుదరదు. ఎదుటివాని మాట నాకు వినబడుచుండవచ్చును. నా మాట అతనికి వినబడుచున్నదా? ఎదుటివాడు పంపిన జాబితాలో నా సంఖ్య కనబడినప్పుడే ఇరువైపుల మాటయు చేరుచున్నదని రూఢియగును. ఒకవైపు మాత్రమే వినబడు దారిని పటములో నెక్కించినచో, అటు పంపిన కబుర్లన్నియు గంగలో కలిసినట్లే.

ఇంతేగాక కొన్ని విషయములలో ఇద్దరికిని ఒడంబడిక యుండవలెను. ఎన్ని సెకండ్లకొకసారి పలకరించుకొనవలెను, ఎంతకాలము మౌనముగా నున్నచో పోయినట్లెంచవలెను, ఇద్దరును ఏ విభాగమునకు చేరినవారు, రహస్యపదము కలదేని అది యేది, ఈ సంగతులు సరిపోనిచో ప్రక్కప్రక్కనే యున్నను వారు పొరుగువారు కాజాలరు. పది సెకండ్లకు పలుకువాడును ముప్పది సెకండ్లకు పలుకువాడును కలిసి మెలగలేరు.

పిదప తమ తమ పటములను సరిచూచుకొందురు. మొత్తము పటమును ఒక్కుమ్మడిగా పంపక, ముందుగా విషయసూచికను మాత్రము ఇచ్చిపుచ్చుకొందురు. అందులో తనకు లేనిదానిని, లేదా తనవద్దనున్న దానికంటె క్రొత్తదానిని మాత్రమే అడిగి తీసికొందురు. ఇద్దరి పటములును ఒక్కటియైనప్పుడే సంపూర్ణ సంబంధ మేర్పడినదని చెప్పుదురు. ఒకే తీగకు పదిమంది తగిలియున్నచో ప్రతి యిద్దరికిని ఇట్టి సంబంధము కావలెననిన 45 జతలగును. ఆ ప్రయాస తప్పించుటకై తమలో ఒక నాయకుని, ఒక ఉపనాయకుని ఎన్నుకొని, తక్కినవారు ఆ యిద్దరితో మాత్రమే పటములు సరిచూచుకొందురు. వాడుకలోనున్న ఏర్పాటుచొప్పున 40 సెకండ్లు పలకరింపు రానిచో ఆ పొరుగువాడు లేనట్లెంచి, ఆ సంగతిని తక్కిన పొరుగువారికి చెప్పుదురు. వారు తమవారికి చెప్పుదురు. మన పటములో చిలకలూరిపేటనుండి ఒంగోలుకు పోవు దారి వానలకు తెగినదనుకొందము. ఆ కబురు గుంటూరు చేరగనే లెక్క మరల జరిగి, 12 గంటల చీరాల దారి వాడుకలోనికి వచ్చును. ఎవ్వరి యాజ్ఞకును ఎదురుచూడ బనిలేదు.

ఇక డైక్‌స్ట్రా చరిత్రమునకు మరలుదము. 1960లో ఇతడు జోనెవెల్డ్ అను సహచరునితో కలిసి, ఆల్గాల్ అను క్రొత్త ప్రోగ్రాము భాషను యంత్రభాషగా మార్చు సాధనమును వ్రాసెను. పని ముగియువరకు గడ్డము గీసికొనరాదని ఇరువురును నియమము పెట్టుకొనిరట! 1962లో ఐండ్‌హోవెన్‌లోని సాంకేతిక విద్యాపీఠమున గణితాచార్యుడయ్యెను. ఒకే యంత్రములో అనేక పనులు ఒక్కసారిగా నడచునప్పుడు అవి ఒకదానికొకటి అడ్డుపడకుండ నుండుటకు సెమఫోరు అను సాధనమును కల్పించెను. రైలు స్టేషనువద్ద చేయి ఎత్తి దించు సిగ్నలు కంబమునుండియే దానికి ఆ పేరు వచ్చెను. 1972లో కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి ఘనమైన ట్యూరింగ్ బహుమానము ఇతనికి లభించెను. వివాహపు రిజిస్టరులో చోటు దొరకని వృత్తికి పదునైదేండ్లలో ఇట్టి గౌరవము వచ్చెను.

అయితే ఇతడు వ్రాసినవానిలో ఎంతో గొప్పదై, ఎంతో కాలము ఎవ్వరి కంటను పడనిది 1974లో ప్రకటింపబడిన రెండు పుటల వ్యాసము. అందలి ప్రశ్న యిది. కొన్ని యంత్రములు గుండ్రముగా నున్నవి. ప్రతిదియు తన పొరుగువానిని మాత్రమే చూడగలదు. ఏ కారణముచేతనో అన్నింటి లెక్కయు తారుమారైనది. వెలుపలివారెవ్వరును వచ్చి సరిదిద్దకయే అవి తమంతట తాము సరియైన స్థితికి రాగలవా? రాగలవని డైక్‌స్ట్రా చూపెను.

మన విద్యార్థులు దీనిని ఆటగా ఆడి చూడవచ్చును. పదిమంది గుండ్రముగా కూర్చుండి, ప్రతివారును పలకమీద 0 మొదలు 9 వరకు తమకు తోచిన అంకె వ్రాయవలెను. ఒకరు పెద్ద. పెద్దతప్ప తక్కిన ప్రతివారును ఎడమప్రక్కవాని పలకను చూడవలెను. అందలి అంకె తన అంకెకంటె వేరైనచో అప్పుడు తన వంతు. తన అంకె చెరిపి అతని అంకె వ్రాసికొనవలెను. పెద్దకు మాత్రము నియమము వేరు. తన ఎడమప్రక్కవాని అంకెయు తన అంకెయు ఒక్కటియైనప్పుడే తన వంతు. అప్పుడు తన అంకెకు ఒకటి కలుపవలెను. 9 అయినచో 0 వ్రాయవలెను. ఒక్కసారికి ఒక్కరే కదలవలెను. మొదట అనేకులకు వంతు వచ్చి గందరగోళముగా నుండును. కొంతసేపటికి ఎట్టి యంకెలతో మొదలుపెట్టినను, ఎప్పుడును ఒక్కరికే వంతు వచ్చుచు, ఆ వంతు వరుసగా గుండ్రముగా తిరుగుచుండును. ఒంటిదారి రైలులో డ్రైవరు చేతికిచ్చు టోకెనువలె, వంతు ఒక్కరివద్దనే యుండును. అందరి పలకలను చూచినవాడు ఒక్కడును లేడు. అయినను సభయంతయు చక్కబడినది.

ఈ వ్యాసమును పట్టించుకొనకపోవుటవలన నెట్టి నష్టము కలుగగలదో 1980లో తెలియవచ్చెను. ఆ సంవత్సరము అక్టోబరు 27వ తేదీని ఆర్పానెట్ యావత్తు కొన్ని గంటలపాటు స్తంభించెను. ఏ కబురు క్రొత్తదో తెలియుటకై వానికి వరుససంఖ్యలు వేయుదురు. 63 తరువాత మరల 0 వచ్చునట్లు ఆ సంఖ్యలు గుండ్రముగా తిరిగెడివి. యంత్రములోని లోపముచే ఒకే రూటరు పేరిట 8, 40, 44 సంఖ్యలుగల మూడు కబుర్లు పుట్టినవి. గడియారముమీద వలె గుండ్రముగా లెక్కించునప్పుడు 40 కంటె 44 క్రొత్తది; 44 కంటె 8 క్రొత్తది; 8 కంటె 40 క్రొత్తది! కావున ప్రతి రూటరును వచ్చినదానిని క్రొత్తదని నమ్మి పొరుగువానికి పంపుచుండెను. ఆ మూడును ఎన్నటికిని చావక తిరుగుచుండెను. ఇందు ఏ పొరుగువాడును నియమము తప్పలేదు. అందరును తమకు చెప్పిన ప్రకారమే చేసిరి. తప్పు పుట్టిన పిమ్మట దానినుండి తేరుకొను గుణము ఆ నియమములకు లేకపోవుటయే దోషము. తుదకు మనుష్యులు కలుగజేసికొని, ఆ రూటరు పేరిట వచ్చు కబుర్లను త్రోసివేయునట్లు యంత్రములను మార్చవలసి వచ్చెను.

దానికి చికిత్సను 1983లో రేడియా పెర్ల్‌మన్ అను అమెరికా పండితురాలు వివరించెను. వరుససంఖ్యలు గుండ్రముగా తిరుగక ఒకే దిక్కున పెరుగవలెను. ప్రతి కబురునకును వయస్సు ఉండవలెను. ముసలిదైన కబురు చావవలెను. ఓ.ఎస్.పి.ఎఫ్. నియమావళిలో ఒక కబురునకు గంట ఆయువు. పంపినవాడు అరగంటకొకసారి దానిని క్రొత్తగా పంపుచుండవలెను. అందుచే ఎక్కడనుండియో చొరబడిన తప్పుమాట కొంతసేపటికి తానే రాలిపోవును. అదే 1983లో లెస్లీ లాంపోర్టు అను శాస్త్రజ్ఞుడు ఒక పండితసభలో డైక్‌స్ట్రాయొక్క 1974 నాటి వ్యాసమును గూర్చి ఘనముగా ప్రసంగించెను. అంతట ఆ రెండు పుటలమీద పరిశోధనలు అనేకములు బయలుదేరినవి.

డైక్‌స్ట్రా జీవనవిధానము చిత్రమైనది. కంప్యూటరు శాస్త్రమునకు పునాదులు వేసినవారిలో నొకడయ్యును, చిరకాలము తనకొక కంప్యూటరును ఉంచుకొనలేదు. ఫౌంటెను పెన్నుతో ముత్యములవంటి అక్షరములతో వ్రాసెడివాడు. 1973నుండి బరోస్ కంపెనీ పక్షమున పరిశోధకుడై, న్యూనెన్ అను గ్రామములోని తన యింటనే కూర్చుండి పనిచేసెను. తన పేరులోని మొదటి అక్షరములతో, వరుససంఖ్య వేసి వ్రాసిన చిన్న వ్యాసములు 1300కు పైగా నున్నవి. వానిని నకళ్లు తీసి కొలదిమంది మిత్రులకు పంపెడివాడు. వారు మరల నకళ్లు తీసి తమ మిత్రులకు పంపెడివారు. అచ్చుయంత్రము లేకయే ఆ వ్రాతలు దేశదేశములకు వ్యాపించినవి. రూటర్లు పొరుగువారినుండి పొరుగువారికి కబురు చేర్చు పద్ధతియు నిట్టిదే కదా!

ఇతనికి కోపమును లేకపోలేదు. అజాగ్రత్తగా చేసిన పనిని చూచినచో మెచ్చనివాడు. కటువుగా విమర్శించుటచే కొందరి మనస్సు నొప్పించెను. ప్రోగ్రామును వ్రాసి, నడిపి, తప్పులను ఏరుకొనుట చాలదనియు, గణితముచేత దాని సత్యమును నిరూపింపవలెననియు పట్టుబట్టెను. అందరును అతనితో ఏకీభవింపలేదు. కాని ఆ పట్టుదలచేతనే ప్రోగ్రాము వ్రాత తోచినట్లు చేయు పనిగాక, నియమముగల విద్యయయ్యెను.

1984లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి స్వీకరించి, ఆస్టిన్ నగరమున 1999 వరకు బోధించెను. విద్యార్థులను వ్రాతపరీక్షలతో గాక, ఒక్కొక్కరిని ఎదుట కూర్చుండబెట్టి, ప్రశ్నలడిగి పరీక్షించెడివాడు. తరువాత రోగగ్రస్తుడై స్వదేశమునకు తిరిగివచ్చి, 2002 ఆగస్టు 6వ తేదీని న్యూనెన్‌లోని తన గృహమున కాలధర్మము నొందెను. ఆ సంవత్సరముననే 1974 నాటి వ్యాసమునకు పండితసభవారు బహుమాన మొసగిరి. మరుసటి సంవత్సరమునుండి ఆ బహుమానమునకు డైక్‌స్ట్రా పేరే పెట్టిరి. రెండు పుటల మాటకు లోకము విలువ కట్టుటకు ఇరువది యెనిమిదేండ్లు పట్టెను.

విద్యార్థులారా! గొప్పవారి చరిత్రములలో గొప్ప యుద్ధములును, గొప్ప ప్రయాణములును వెదకుట మనకు అలవాటు. డైక్‌స్ట్రా చరిత్రములో అట్టివి లేవు. ఒక కాఫీ హోటలులో ఇరువది నిమిషములు, ఒక మూడు పుటల వ్యాసము, ఒక రెండు పుటల వ్యాసము, సిరాతో నిండిన అనేక కాగితములు, ఇంతియే. అయినను నేడు మన యూరినుండి బయలుదేరిన కబురు లోకమంతయు తిరిగి గమ్యము చేరుచున్నదనిన, అందు అతని ఆలోచన కలదు. ఆ ఆలోచన మనకు నేర్పునది చిన్నది. లోకమంతయు తెలిసినవాడు ఒక్కడును లేడు. ప్రతివాడును తన ప్రక్కవానిని వేళకు పలకరించి, తాను చూచినదానినే చెప్పి, పాతబడిన మాటను పట్టుకొని వ్రేలాడక, అతడు పలుకనిచో ఆ సంగతి ఆలస్యము లేక తెలిపినయెడల, ఎవ్వరును చూడని పెద్దదారి యంతయు సరిగా నిలుచును. ఒకవేళ అందరును తారుమారైనను, అడుగడుగునకు సరిదిద్దుకొను నియమ ముండెనేని, మరల క్రమము కుదురును.

పైన చెప్పిన పలకల ఆటను రేపు విరామవేళ ఆడి చూడుడు. ఎవరి పలక యెప్పుడు చక్కబడినదో చెప్పలేరు గాని, కొంతసేపటికి అందరును చక్కబడుట మాత్రము కన్నులార చూతురు.